కరెంటు ఎద్దు మీద మా అన్న చెప్పిన మాట

మా అన్న కరెంటు ఎద్దు మీద నుంచి పడిన వీడియో మా వాడలో దాదాపు అందరి ఫోన్లలోనూ ఉంది. అర నిమిషం కూడా ఉండదు. తీసిన కుర్రవాడు దాని మీద ఒక సినిమా పాట అతికించాడు. పాట కింద మా అన్న పెదవులు కదులుతుంటాయి, మాట మాత్రం వినపడదు. కొన్నేళ్ళు పోతే చూసినవాళ్ళు, ఎవరో ఎద్దెక్కి పాట పాడుతున్నాడని అనుకుంటారు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది. గ్రంథాలయంలో నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో ఏ రాజు ఏ ఊరు గెలిచాడో ఉంటుంది. ఆ రాజును ఏరు దాటించినవాడు దారిలో ఏమన్నాడో ఎక్కడా ఉండదు. అప్పుడు పక్కన ఉన్నవాళ్ళు రాసుకోలేదు కాబట్టి లేదు. ఆ రోజు మా అన్న పక్కన నేనున్నాను.

నేను ఏడో తరగతి వరకే చదివాను. మైపాడు దగ్గర, ఇసుక మొదలయ్యే చోట మా ఇల్లు. జాకెట్లు కుడతాను. వారానికొకసారి ఆటో ఎక్కి ఇందుకూరుపేట గ్రంథాలయానికి పోయి రెండు పుస్తకాలు తెచ్చుకుంటాను. మొదట్లో కథల పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. తర్వాత చుక్కల గురించి, చేపల గురించి, మనిషి ఒంటి గురించి, ఏది దొరికితే అది. తెలియని మాటలు జాకెట్ కొలతలు రాసుకునే నోటు పుస్తకంలోనే వెనక పేజీల నుంచి రాసుకుంటాను. ఛాతీ కొలత ఒకవైపు, గెలాక్సీ అనే మాట ఇంకోవైపు. ఈ సంగతి చెప్పుకోవడం నాకు ఇష్టమే, దాచను.

ఇక జరిగింది చెబుతాను. పోయిన మాఘమాసం చివర్లో, పొద్దున పది గంటలప్పుడు, వేట నుంచి తిరిగి వస్తున్న మా బావ పడవ ఒడ్డు అలల దగ్గర తిరగబడింది. బావ అంటే మా వదినకు సొంత అన్న. పడవ ఆయనది, ఆయనతో కలిపి అందులో పనిచేసే నలుగురిలో మా అన్న ఒకడు. నేను మిషను దగ్గర కూర్చుని ఉన్నాను. తల ఎత్తేసరికి పడవ తెల్లటి అడుగు భాగం ఎండలో మెరుస్తూ కనిపించింది. పెద్ద చేప ఒకటి వెల్లకిలా తిరిగి నిద్రపోతున్నట్టుంది. అది పడవ అని తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది. నేను పరిగెత్తి పోయేసరికి అందరూ ఒడ్డుకు వచ్చేశారు. మా అన్న కాళ్ళకు వల చుట్టుకుని ఉంది. బావ ముందు పన్ను విరిగి నోటి నిండా నెత్తురు. పడవ అంచు తగిలిందని అన్నారు.

మా వాడలో ఒక కట్టుబాటు ఉంది. నీళ్ళలో పడి బతికి వచ్చినవాడి దగ్గర ఆ మాట ఎత్తం. ఎలా పడ్డావని అడగం, తమాషాకైనా గుర్తు చేయం. గంగమ్మ వదిలిపెట్టినవాణ్ణి ఆమెను పిలిచి మళ్ళీ చూపించకూడదని పెద్దవాళ్ళ నమ్మకం. మంచికే పెట్టుకున్నారేమో. కానీ ఆ రోజు నుంచి మా అన్నతో ఎవరూ పరాచికాలాడలేదు. అంతకుముందు ఆయన దారిలో పోతుంటే నాలుగు గుమ్మాల నుంచి నాలుగు ఎగతాళి మాటలు వచ్చేవి. ఇప్పుడు అందరూ మర్యాదగా పక్కకు తప్పుకునేవారు. పదిరోజుల తర్వాత పడవ మళ్ళీ వేటకు పోయింది. మా అన్న మోకాలు నొప్పి అన్నాడు. సరేలే అన్నారు. ఆ సరేలే వెనక ఇంకో మాట లేదు.

తర్వాత వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం రెండు నెలలు సముద్రంలోకి పోనివ్వదు. ఆ రెండు నెలలు మా వాడకు ఒక పొడుగాటి మధ్యాహ్నం లాంటివి. పడవలన్నీ ఇసుక మీదికి ఎక్కి కూర్చుంటాయి. మగవాళ్ళు వాటి నీడలో వలలు బాగుచేస్తూ, ఆ వల ఒళ్ళోనే ఉండగా నిద్రపోతారు. చేపల వాసన నెమ్మదిగా తగ్గిపోయి, ఒకరోజు అసలు లేదని తెలుస్తుంది. వాసన లేని ఆ రోజుల్లో మా ఊరు మా ఊరులా ఉండదు, ఎవరో చెబుతున్న ఊరులా ఉంటుంది. నా మిషను చప్పుడు, అల చప్పుడు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కుట్టు ఆపినా నా చేతులు ఇంకా ఊగుతున్నట్టే ఉండేది. ఆ రోజుల్లో మా అన్న మోకాలి గురించి ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. ఎవరూ పడవ ఎక్కడం లేదు కదా.

నిషేధం ముగియడానికి పది రోజులుందనగా మా వదిన వచ్చి నా మిషను పక్కన కూర్చుంది. కొంతసేపు గుడ్డ ముక్కలు ఏరి రంగుల వారీగా పెట్టింది.

"మా అన్న కబురు చేసినాడు మే," అంది. "వేట పండగ రోజుకి మాట చెప్పాలంట. వస్తాడా రాడా. రాకపోతే కొత్త మనిషిని పెట్టుకుంటాడంట."

"అన్నేమంటాండాడు?"

"ఏమంటాడు. రొయ్యల గుంటల కాపలాకి పిలస్తాండారు, పోదామంటాండాడు. గుంటల మధ్యన రేకుల షెడ్డు ఇస్తారంట. సంచులు సర్దమన్నాడు."

వదిన ఏడవలేదు. ఎర్ర ముక్కల కుప్పలోకి ఒక పచ్చ ముక్క వస్తే తీసి పక్కన పెట్టింది. మా అన్న సముద్రం ఎదురుగా పుట్టి పెరిగిన మనిషి. రొయ్యల గుంటల దగ్గర అల ఉండదు. నలుమూలల కట్టలు, నీళ్ళు తిప్పే మోటార్ల చప్పుడు, అంతే.

ఆ వారం నేను తెచ్చుకున్న పుస్తకాల్లో ఒకటి మనిషి ఒంటి గురించి. అందులో చెవి లోపలి బొమ్మ ఉంది. నత్తగుల్ల లాంటిదొకటి, దాని పక్కనే వంకీలు తిరిగిన మూడు సన్నని గొట్టాలు, వాటిలో నీళ్ళ లాంటి ద్రవం. మనిషి ఒరిగినప్పుడు ఆ ద్రవం కదిలి, పడిపోతున్నావని మెదడుకు చెబుతుందట. ప్రతి చెవిలోనూ చిన్న సముద్రం ఉందన్నమాట! ఆ పేజీ దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను. మా అన్న చెవిలోని సముద్రం బెదిరిపోయిందని నాకు అనిపించింది. దాన్ని మెల్లగా ఊపి, మళ్ళీ మచ్చిక చేసుకుంటే చాలు. నాకు మూడు గొట్టాల సంగతి తెలుసు, ఈ వాడలో ఇంకెవరికీ తెలియదు. ఆ గర్వం నన్ను పట్టుకుంది.

ఊపడానికి ఏముందా అని ఆలోచిస్తుంటే నెల్లూరు ఎగ్జిబిషన్‌లో చూసిన కరెంటు ఎద్దు గుర్తొచ్చింది. చుట్టూ గాలి పరుపు, మధ్యలో కాళ్ళు లేని ఎద్దు, మీట తిప్పితే అది ఊగుతూ తిరుగుతుంది. ఎక్కినవాడు పడేదాకా ఆట. వేట మొదలయ్యే ముందు రోజు మేము ఒడ్డున పండగ చేసుకుంటాం. ఏటా ఆర్కెస్ట్రా పిలుస్తారు, ఈసారి వాళ్ళకు ఖాళీ లేదు. నేను పోయి కమిటీ వాళ్ళకు ఎద్దు సంగతి చెప్పాను. అన్న చెవి గురించి చెప్పలేదు, ఇంకో పుస్తకంలో చదివింది మాత్రం చెప్పాను. వేల ఏళ్ళ కిందట ఒక ద్వీపంలో జనం ఎద్దుల మీద నుంచి దూకేవాళ్ళని, గోడల మీద ఆ బొమ్మలు ఇంకా ఉన్నాయని. వాళ్ళకు ద్వీపం ఎక్కలేదు గానీ ఎద్దు ఎక్కింది. మా ఆయన నెల్లూరులో ఆటో నడుపుతాడు, ఆయనే ఎద్దు యజమాని నంబరు సంపాదించాడు. నేను ఫోన్ చేశాను.

"హలో, ఎద్దు అద్దెకిచ్చేది మీరేనా?"

"మేమే మేడం. ఏం ఫంక్షన్? బర్త్‌డేనా, రిసెప్షనా?"

"వేటకి పొయ్యే ముందు పండగ. ఒడ్డున."

"ఒడ్డునంటే ఇసకలోనా? చానా కష్టం మేడం. ఎద్దు ఒరుగుద్ది. గాలికి పరుపు లేస్తాది. పిల్లకాయలెంతమంది?"

"పిల్లకాయలు కాదు, పెద్దోళ్ళు ఎక్కుతారు."

"పెద్దోళ్ళా? తాగుంటారా?"

"సాయంత్రం నాలుక్కి గదా. అప్పటికి తాగరు."

"గ్యారంటీనా మేడం?"

"గ్యారంటీ యాడ తెచ్చేది. నేను పక్కన నిలబడతాలే."

అతను నవ్వి ఒప్పుకున్నాడు. కొడవలూరు వైపు అబ్బాయి. పండగ రోజు మధ్యాహ్నం చిన్న ట్రక్కులో ఎద్దును తాళ్ళతో కట్టి తెచ్చాడు. ఎండకు ఇసుక మీద గాలి నీళ్ళలా కదులుతోంది. దూరం నుంచి చూస్తే ట్రక్కు కనపడలేదు, ఎద్దొక్కటే తేలుతూ వస్తున్నట్టుంది. వాడలోని ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

"మీ ఊళ్ళో నిజం ఎద్దులు లేవా నాయనా, దీన్ని పట్టుకొచ్చినావు?" అని మా పెద్దమ్మ అడిగింది. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క, వాడలో అందరికంటే పెద్దది.

"లేవమ్మా. అందరికీ ట్రాక్టర్లే. మా ఊర్లో మిగిలిన ఎద్దు ఇదొకటే," అన్నాడు అతను.

అతను భయపడినట్టే అయింది. దించగానే ఎద్దు ఒకవైపు ఇసుకలోకి దిగింది. మావాళ్ళకు బరువైన వాటిని ఇసుక మీద నిలబెట్టడం కొత్త కాదు. ఇసుక తడిపి, తొక్కి, పడవలు దొర్లించే తాటి దుంగలు పరిచి, వాటి మీద కూర్చోబెట్టారు. ఆ పనిలో మా అన్న అందరికంటే ముందున్నాడు. గునపం పట్టుకుని సాయంత్రం దాకా ఆ ఎద్దు అడుగునే ఉన్నాడు. ఎటు ఒరిగితే అటు దుంగ సర్దుతున్నాడు. నేను రెండుసార్లు పోయి ఎక్కమన్నాను. "నేను రాన్లే మే," అన్నాడు తల ఎత్తకుండా.

పెద్దమ్మ పసుపు నీళ్ళ చెంబుతో వచ్చింది. మనిషిని మోసేది ఏదైనా సరే, మొదటిసారి ఎక్కే ముందు గంగమ్మ పేరు చెప్పి కడగాలి. పడవకైనా, బండికైనా అంతే.

"అమ్మా అమ్మా, నీళ్ళు మాత్రం పొయ్యద్దు. లోపల కరెంటుండాది," అని అతను అడ్డం వచ్చాడు.

"కరెంటుకి మాత్రం తల్లి లేదా?" అంది పెద్దమ్మ. చివరికి ఒప్పందం కుదిరింది. ఎద్దు నుదుటికి బొట్టు, పరుపు అంచుకి మూడు చుక్కల నీళ్ళు.

నాలుగు గంటలకు సముద్రం మీది గాలి మొదలైంది. జనరేటర్ వేశారు. ఒక్కొక్కరే ఎక్కడం, పడడం. నేను దగ్గర నిలబడి చూస్తున్నాను. చుట్టూ ఇన్ని కేకలున్నా మనిషి ఎద్దు మీద ఊగే ఆ కొద్దిసేపు నాకు చప్పుడు వినపడేది కాదు. చేతులు గాలిలోకి లేచేవి, పంచె అంచు విచ్చుకునేది, వెనక ఆకాశం, ఆ వెనక నీళ్ళు అన్నీ అతనితో పాటే ఒరిగేవి. తర్వాత పరుపు మీద దబ్బుమనే చప్పుడుతో లోకం మళ్ళీ మొదలయ్యేది.

ఎద్దు అబ్బాయికి ఒక వింత కనిపించింది. "ఏందన్నా, అందరూ ఒకే ఊపుకి పడతాండారు? మూడో ఊపు దాకా బలే పట్టుకుంటారు, నాలుగో దానికి పూర్తిగా వదిలేస్తారు!" నిజమే. మావాళ్ళు దాన్ని సముద్రం లాగే చూస్తున్నారు. పెద్ద అలలు మూడు వస్తే తర్వాత కాస్త నిమ్మళం ఉంటుంది, ఆ సందులో పడవను దాటిస్తారు. మూడో ఊపు కాగానే అందరి ఒళ్ళూ వాటంతట అవే సడలిపోతున్నాయి. ఎద్దుకు ఆ లెక్క తెలియదు.

ఎక్కిన ప్రతివాడినీ అతను మైకులో ఒక ప్రశ్న అడిగేవాడు. ఎక్కడికి పోయినా అడిగే ప్రశ్నేనట. "అన్నా, ఇంతకుముందు యాడన్నా పడినావా?" మైకు వాళ్ళ నోటి దగ్గర పెట్టేవాడు.

"ఇంటర్‌లో పడినా, రెండుసార్లు," అన్నాడొకడు.

"పెళ్ళిలో పడినా, ఇంకా లేవలా," అన్నాడు ఇంకొకడు. వాడి పెళ్ళాం చెప్పు విసిరింది.

ఎండ తగ్గి ఇసుక పసుపు రంగుకు తిరిగింది. అప్పుడు అతను కిందికి వంగి మా అన్నను చూశాడు. "అన్నా, మధ్యాన్నం నించీ నా ఎద్దుకి సేవ చేస్తాండావు. నువ్వెక్కకుండా నేను దీన్ని విప్పను," అన్నాడు. ఊరివాళ్ళెవరైనా అంటే మా అన్న కాదనేవాడు. బయటి మనిషి అంత ఆపేక్షగా అడిగితే ఏమనాలో తెలియక, చేతులు దులుపుకుని ఎక్కి కూర్చున్నాడు. నేను పక్కన నిలబడి ఆ మూడు గొట్టాల గురించే ఆలోచిస్తున్నాను.

"అన్నా, ఇంతకుముందు యాడన్నా పడినావా?"

కేకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వదిన నా మణికట్టు పట్టుకుంది. పాపం ఆ అబ్బాయికి ఏమైందో అర్థం కాక నవ్వు ముఖంతో అలాగే నిలబడి ఉన్నాడు. జనరేటర్ ఒక్కటే తిరుగుతోంది.

"పడినా," అన్నాడు మా అన్న.

"యాడన్నా?"

మా అన్న చెయ్యెత్తి సముద్రం చూపించాడు.

"పడవ బోర్లా పడింది," అన్నాడు. మైకులో ఆయన గొంతు ఆయనది కానట్టు, దూరం నుంచి వస్తున్నట్టుంది. "వల కాళ్ళకి చుట్టుకునింది. కింద అంతా చీకటి. నన్ను లాగేదానికి బావ వచ్చినాడు. నేను మనిషని చూళ్ళా. మొగం మీద తన్నినా. ఆయన పల్లు ఇరిగింది పడవ అంచు తగిలి కాదు. నా కాలే." మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. "మోకాలు నొప్పి లేదు. అబద్ధం. మళ్ళా అట్టాంటిది జరిగితే మళ్ళా తంతా. ఈసారి ఎవురన్నా పోతారు. ఆ భయానికే పడవెక్కలా."

నాకు అప్పుడు తెలిసింది, నేను చదివిన పేజీకీ మా అన్నకూ సంబంధం లేదని. ఆయన చెవులు బాగానే ఉన్నాయి. ఇన్ని నెలలూ ఆయన మోసింది నీళ్ళ భయం కాదు, తన కాలిని చూసి తనకే భయం.

జనంలో బావ ఎక్కడున్నాడా అని అందరూ వెతుకుతున్నారు. ఆయన పరుపు అవతల, వేయించిన రొయ్యల పొట్లంతో నిలబడి ఉన్నాడు. నోట్లో ఉన్నది నమిలి మింగాడు.

"పడవ అంచుకి మడమ ఉంటాదా బావా?" అన్నాడు. మైకు లేకుండానే అందరికీ వినపడింది. "మా నాయన లేకపోతే పెళ్ళిలో పళ్ళెం పెట్టి నీ కాళ్ళు కడిగింది నేను. ఆ కాలు నాకు తెలీదా?"

తర్వాత నవ్వు లేచింది. పరుపు అంచు నుంచి మొదలై పడవల దాకా పోయింది. కట్టుబాటు తెగిపోయింది, ఇక ఎవరూ ఆగలేదు.

"ఆ రోజే ఇంకాస్త బాగా కడగాల్సింది!"

"కాలా అది, తెడ్డా?"

"ఇంకో పల్లుండాది గదరా, దాన్ని గూడా ఊడగొట్టు, జత కుదురుద్ది!" ఈ మాట పెద్దమ్మది.

మా అన్న ఎద్దు మీద కూర్చుని ఒక్కొక్క ఎగతాళినీ ముఖం మీద చినుకులు పడనిస్తున్నవాడిలా తీసుకున్నాడు. ఎన్ని నెలలైందో ఆయనను ఎవరూ అలా పలకరించి. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు. ఎద్దు అబ్బాయి దాన్ని సైగ అనుకుని మీట తిప్పాడు. నాలుగంటే నాలుగు ఊపులు. మా అన్న పరుపు మీద పడి, లేవకుండా, ఆకాశం చూస్తూ కడుపు పట్టుకుని నవ్వాడు.

బావ పోయి పక్కన చతికిలబడ్డాడు. "ఇంక నించి నా వెనక కూచో. తన్నితే ఈపు మీద పడతాది," అన్నాడు. రొయ్యల పొట్లం చాపాడు. వదిన నా చెయ్యి వదిలి, ఇంటికి పోయి, కట్టిన సంచులు విప్పింది.

మర్నాడు పడవలు దిగాయి. మా అన్న మోకాళ్ళ లోతు నీళ్ళలో చాలాసేపు నిలబడ్డాడు. అల వస్తోంది, పోతోంది. "భయంగా ఉండాది బావా," అన్నాడు. అందరూ విన్నారు. "తెలుసులే, ఎక్కు," అన్నాడు బావ. ఇప్పటికీ పడవ కదిలే ముందు వాళ్ళిద్దరూ ఈ రెండు మాటలూ అనుకుంటారు. మిగిలిన ఇద్దరూ అవి అయ్యేదాకా ఆగి తాడు విప్పుతారు.

ఇది రాయడానికి సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాలి. పేర్లు పెట్టి చెప్పాలని ఉంది గానీ, మా ఇంట్లో పెద్దవాళ్ళను పేరుతో పిలవం. నేను పిలిచే పిలుపులతోనే చెబుతాను. గడువు దాటినా పుస్తకం నా దగ్గర ఉండనిచ్చిన గ్రంథాలయం మేడంకు. ఏమీ తెలియకుండా అడగాల్సిన ప్రశ్న అడిగిన ఎద్దు తమ్ముడికి. కట్టుబాటు తెగినందుకు శాంతి చేయించాలని ఎవరో అంటే, "నేను నవ్వినా గదా, ఇంకేం శాంతి," అని నోరు మూయించిన పెద్దమ్మకు. నంబరు తెచ్చిన మా ఆయనకు. చదివి వినిపిస్తుంటే చేపలు కడుగుతూ విని, తాను సంచులు విప్పింది మాత్రం తీసెయ్యమని, మళ్ళీ ఉంచమన్న వదినకు. పన్ను కట్టించుకోమంటే ఇప్పటికీ వినని బావకు. చివరగా మా అన్నకు. రాయనా అని అడిగితే వల మీద నుంచి తల తిప్పకుండా, "రాసుకో మే. భయం పోయిందని మాత్రం రాయొద్దు," అన్నాడు. రాయలేదు.